ఒంగోల్లో నాకు పొద్దు పడమట పొడుస్తుంది – మీలో ఎవరికైనా ఇట్టా ఉందా?

కావలి_కుర్రోడు · ఆదివారం, రాత్రి 9:40

నవ్వకుండా చదవండి. నేను పుట్టి పెరిగింది కావలి. ఉద్యోగం ఒంగోల్లో, పన్నెండేళ్ళు దాటింది. ఇన్నేళ్ళయినా ఆ ఊళ్ళో దిక్కులు నాకు తిరగబడే ఉంటాయి. తూర్పు పడమరలాగా, ఉత్తరం దక్షిణంలాగా అనిపిస్తుంది. కొత్తపట్నం సముద్రం తూర్పున ఉందని తెలుసు. ఎన్నిసార్లు పోయుంటానో లెక్కే లేదు. అయినా మేడెక్కి నిలబడి "సముద్రం ఎటు?" అనుకుంటే నా చెయ్యి కర్నూలు రోడ్డు వైపు లేస్తుంది. పొద్దున్నే దండెం మీద బట్టలు ఆరేస్తుంటే ఎండ "పడమటి" నుంచి వచ్చి మొహాన కొడుతుంది.

కావలిలో ఈ గోల లేదు. నెల్లూర్లో లేదు. హైదరాబాదులో నాలుగేళ్ళు చదివాను, అక్కడా లేదు. రైల్లో వస్తుంటే సింగరాయకొండ దాకా అంతా సవ్యంగానే ఉంటుంది. ఒంగోలు ప్లాట్‌ఫాం మీద కాలు పెట్టానా, ఊరు ఊరంతా గిరుక్కున తిరిగి కూర్చుంటుంది.

మా ఆవిడది ఒంగోలే. దారి చెప్పేటప్పుడు "ఉత్తరం సందులోకి తిరుగు" అంటుంది. నేను దక్షిణం సందులోకి తిరుగుతాను. పెళ్ళయిన కొత్తల్లో కావాలనే చేస్తున్నాననుకుంది. ఇది కంటి దోషమా, మెదడు దోషమా? డాక్టర్ దగ్గరికి పోవాలా?

పెన్నాగట్టు · 9:52

మొదటిసారి ఒంగోల్లో దిగిన రోజు ఏం తాగినావు అన్నా?

మూలాపేట · 10:05

నవ్వేవాళ్ళని నవ్వనీండి. నాకు నెల్లూర్లోనే ఉంది. మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జిలో దిగి అటు తేలితే చాలు, రంగనాయకుల గుడి ఎటుందో చెప్పలేను. పట్టాలకు ఇవతల ఉన్నంతసేపు కళ్ళు మూసుకుని చూపిస్తాను. వంతెన కింద పది సెకన్లు ఉంటామా? ఆ పది సెకన్లలో ఏం పోతుందో అర్థం కాదు.

నరాలవీధి · 11:20

మాది పొదిలి. బెంగుళూర్లో మెదడు మీదే పరిశోధన చేస్తున్నాను, ఈ దారం నాకోసమే మొదలైనట్టుంది. ముందుగా చెప్పేది, ఇది జబ్బు కాదు. చాలామందికి ఏదో ఒక ఊళ్ళో ఉంటుంది, పైకి చెప్పరంతే.

మన మెదడులో తల ఎటు తిరిగి ఉందో చెప్పే కణాలున్నాయి. 1984లో జేమ్స్ రాంక్ ఎలుకల్లో వీటిని కనిపెట్టాడు, 1990లో ఆయన బృందం వివరంగా రాసింది. ఎలుక మెదడులో వెంట్రుక కన్నా సన్నటి తీగ పెట్టి, ఆ చప్పుడు స్పీకర్లో వింటారు. ఎలుక మొహం గది తలుపు వైపు ఉన్నప్పుడు ఒక కణం టకటకా కొట్టుకుంటుంది. మొహం పక్కకి తిప్పితే ఆగిపోతుంది, ఇంకో కణం అందుకుంటుంది. ఎలుక గదిలో ఏ మూల ఉన్నా సరే, తల దిక్కు ఒక్కటే దానికి ముఖ్యం. అందుకని దీన్ని దిక్సూచి అంటారు గానీ, అసలు దిక్సూచి కాదు. అయస్కాంతంతో దీనికి సంబంధమే లేదు. ఉత్తరం ఎటో దానికి తెలియదు. "ఇందాక అటు చూశాను, ఆ తర్వాత ఇంత తిరిగాను, కాబట్టి ఇప్పుడు ఇటు చూస్తున్నాను" అని కూడికలు వేసుకుంటూ పోతుంది. తిరగడం ఎంతో చెప్పేది లోచెవిలో ఉన్న మూడు అర్ధచక్రాల గొట్టాలు. వాటిలో ద్రవం కదిలితే మలుపు తెలుస్తుంది.

ఆ కూడికల్లో తప్పులు పేరుకుంటాయి కాబట్టి కళ్ళు సాయానికి వస్తాయి. ఎలుకని పెట్టే గుండ్రటి గదిలో గోడకి ఒక తెల్ల అట్ట అతికిస్తారు. ఎలుకని బయటికి తీసి, అట్టని 90 డిగ్రీలు జరిపి, మళ్ళీ లోపల పెడితే కణాల దిక్కు కూడా దాదాపు అంతే తిరుగుతుంది. ఇక్కడ గమనించాల్సింది, ఒక కణం తిరిగి ఇంకోటి ఆగిపోవడం ఉండదు. తిరిగితే అన్నీ కలిసే తిరుగుతాయి. బండి చక్రం ఆకుల్లాగా. కావలి అన్నకి తూర్పు ఒక్కటే తప్పిపోకుండా నాలుగు దిక్కులూ కట్టగట్టుకుని తిరగడానికి కారణం అదే అనుకుంటున్నాను.

మూలాపేట అక్కా, అండర్‌బ్రిడ్జిలో మీరు గుర్తుపట్టే వస్తువులన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. పైకి తేలాక కొత్త వీధి, కొత్త గోడలు. లోచెవి లెక్క కాస్త అటూఇటూ అయినా సరిదిద్దే అట్టముక్క అక్కడ లేదు.

కంభంచెరువు · సోమవారం, ఉదయం 6:15

నేను స్కూల్లో సైన్సు మాస్టారుని. అనుమానంతోనే అడుగుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. ఎలుక పెట్టెలో తిరిగితే ఏదో కణం కొట్టుకుంది. అంతమాత్రాన మెదడులో మ్యాప్ ఉన్నట్టేనా? మా కంభం చెరువు కట్ట మీద రోజూ నడుస్తాను. నేను తూము దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒక కుక్క మొరుగుతుంది. ఆ కుక్క చెరువుకి మ్యాప్ అవుతుందా?

నరాలవీధి · 8:40

మాస్టారూ, మీ కుక్కని పట్టుకునే చెప్తాను. కట్ట పొడుగునా వంద కుక్కలున్నాయనుకోండి. ఒక్కోటి ఒక్కో చోటే మొరుగుతుంది. మీరు ఇంట్లో కళ్ళు మూసుకుని కూర్చుని, ఏ కుక్కలు మొరుగుతున్నాయో వింటే చాలు, నడిచేవాడు ఎక్కడున్నాడో చెప్పేయొచ్చు. 1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్, జొనాథన్ డోస్ట్రోవ్‌స్కీ ఎలుక హిప్పోకాంపస్‌లో చూసింది అలాంటి కణాలనే. హిప్పోకాంపస్ అంటే చెవుల దగ్గర, తల లోతున, ఇటొకటి అటొకటి, సముద్రపు గుర్రం ఆకారంలో ఉండే భాగం. చోటుని బట్టి మోగుతాయి కాబట్టి వాటికి చోటు కణాలని పేరు.

అయితే మీ అనుమానంలో సగం న్యాయం ఉంది. కాగితం మ్యాపులో ఒంగోలు పక్కన టంగుటూరు ఉంటుంది. మెదడులో అలా ఉండదు. పక్కపక్కన ఉన్న రెండు కణాలు గదిలో ఎక్కడెక్కడో దూరాన ఉన్న చోట్లకి మోగుతాయి. పైగా ఎలుకని ఇంకో గదిలో పెడితే అవే కణాలు కొత్తగా చోట్లు పంచుకుంటాయి, కొన్ని అసలు నోరెత్తవు. కాబట్టి లోపల బొమ్మ గీసి ఉందనుకోకూడదు. జనాభా లెక్కల రిజిస్టర్ లాంటిది ఉందనుకోండి.

మనుషుల్లో కూడా చూశారు. మూర్ఛ జబ్బుకి ఆపరేషన్ చేసే ముందు కొందరికి వైద్యం కోసమే మెదడులో తీగలు పెడతారు. వాళ్ళ చేత కంప్యూటర్లో టాక్సీ తోలే ఆట ఆడించారు. ఒక్కో కొట్టు దగ్గరికి పోతే ఒక్కో కణం మోగింది. 2003 నాటి పని అది.

కంభంచెరువు · 9:05

వంద కుక్కల లెక్క బాగుంది. రేపు తొమ్మిదో తరగతి వాళ్ళకి చెప్తా. కానీ దూరం సంగతేంటి? ఇక్కడి నుంచి అక్కడికి ఎంత అని ఎవరు కొలుస్తారు?

నరాలవీధి · 1:30

దానికి జవాబు 2005లో నార్వేలో దొరికింది. ట్రాన్‌హైమ్‌లో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ బృందం హిప్పోకాంపస్‌కి గుమ్మం లాంటి ఎంటోరైనల్ కార్టెక్స్‌లో కొత్త రకం కణాలు చూసింది. చోటు కణం ఒక చోటే మోగుతుంది కదా, ఇవి గదిలో చాలా చోట్ల మోగుతాయి. మోగిన చోటల్లా చుక్క పెడితే గది నేలంతా ఒకే దూరంలో చుక్కలు పడతాయి. ఏ చుక్కని తీసుకున్నా దాని చుట్టూ ఆరు చుక్కలు. 2014లో ఓకీఫ్‌కి సగం, వీళ్ళిద్దరికీ కలిపి సగం నోబెల్ ఇచ్చారు.

మూలాపేట · 2:10

ఆగండి ఆగండి. చుక్క చుట్టూ ఆరు చుక్కలా? అది సందుచుక్కల ముగ్గు కదా!

తెలియని మగవాళ్ళ కోసం: ముగ్గులో చుక్కలు రెండు రకాలుగా పెడతాం. చుక్క కింద చుక్క పెడితే సరిచుక్కలు, దాని చుట్టూ దగ్గర దూరంలో నాలుగే ఉంటాయి. రెండు చుక్కల మధ్య సందులో కింది చుక్క పెడితే సందుచుక్కలు. నడిమి వరసలో 15 చుక్కలు పెట్టి, పైకీ కిందికీ ఒక్కోటి తగ్గించుకుంటూ 8 దాకా పోతే ఆరు మూలల ఆకారం వస్తుంది. అందులో ఏ చుక్క పట్టుకున్నా చుట్టూ సమదూరంలో ఆరు. సంక్రాంతికి మా వాకిట్లో నేను పెట్టేది అదే. చుక్కల మధ్య దూరం కొలబద్దతో కొలవను. చెయ్యి ఒక ఊపులో పోతుంది, ఆ ఊపే కొలత. ఎవరైనా మధ్యలో పలకరిస్తే ఊపు పోయి వరస వంకర పోతుంది.

నరాలవీధి · 2:25

అక్కా, మూడేళ్ళుగా అందరికీ తేనెతుట్టె అని చెప్తున్నాను. నాకు ముగ్గు తట్టలేదు, అదీ మా వాకిట్లో రోజూ ఉండేది! ఇక నుంచి సందుచుక్కలే.

మీరన్న ఊపు మాట ఇంకా బాగుంది. ఈ కణాల చుక్కలు గది నేల మీద ఎవరూ పెట్టలేదు. ఎలుక ఎంత వేగంగా, ఎటు నడిచిందో లెక్కేసుకుంటూ మెదడు పెట్టుకుంటున్న చుక్కలవి. అందుకే దీపాలార్పినా చుక్కలు వెంటనే పోవు. ఇంకో ముచ్చట ఏంటంటే, ముగ్గులు చాలా ఉన్నాయి. ఎంటోరైనల్ పై భాగంలో కణాలకి చుక్కల మధ్య దూరం జానెడు, మూరెడు. కిందికి పోయే కొద్దీ దూరం పెరిగి మీటర్లలోకి పోతుంది. చిన్న ముగ్గు, పెద్ద ముగ్గు ఒకదాని మీద ఒకటి వేస్తే ఎక్కడ ఉన్నామో గట్టిగా తేలుతుంది.

పెన్నాగట్టు · 2:31

నోబెల్ రావాల్సింది మూలాపేటకి.

ఇసకపల్లి_అల · రాత్రి 8:15

మాది వేట కుటుంబం. నేల మీద వాళ్ళకి గోడలు, సందులు, ముగ్గులు ఉన్నాయి. నీళ్ళ మీద ఏముంది? అందుకే మా నాయన లెక్క చెప్తా.

ఒడ్డు నుంచి నాలుగైదు మైళ్ళ లోపల, అడుగున రాతి నేల ఉండే చోట్లు కొన్ని ఉన్నాయి. చేప అక్కడే ఉంటుంది. పైనుంచి చూస్తే అంతా ఒకటే నీళ్ళు. నాయన ఒడ్డుని చూసేవాడు. ముందు తాటితోపులో ఒంటి తాడి, దాని వెనక గుడి శిఖరం, ఈ రెండూ ఒకదాని వెనక ఒకటి దాక్కుంటే మనం ఒక గీత మీద ఉన్నట్టు. ఆ గీత పట్టుకుని పోతా ఉంటే, ఉత్తరం పక్క నీళ్ళ ట్యాంకు పక్కఊరి చర్చి మీదికి వస్తుంది. రెండు గీతలూ కలిసిన చోట ఇంజను ఆపేవాడు. సీసపు గుండు తాడుకి కట్టి వదిలి బారలు లెక్క పెట్టేవాడు. బారల లెక్క కుదిరితే వల. ఒకసారి గాలివానకి ఆ ఒంటి తాడి పడిపోయింది. మనిషి పోయినంత బాధపడ్డాడు. నెల రోజులు ఆ చోటు దొరకలేదు.

రాత్రి పూట గీతలు కనిపించవు. అప్పుడు ఇంజను ఎంతసేపు తిరిగింది, అల ఏ పక్కన తగులుతా ఉంది, వేగుచుక్క ఎక్కడికి వచ్చింది. మాట్లాడితే ఊరుకునేవాడు కాదు. "లెక్క పోతాది, నోరు ముయ్" అనేవాడు. మూలాపేట అక్క ముగ్గు సంగతి చదివితే నాయన గుర్తొచ్చాడు.

ఇప్పుడు నా బోటులో జీపీఎస్ డబ్బా ఉంది. ఆ రాళ్ళ చోట్లన్నీ అందులో నంబర్లుగా ఎక్కించుకున్నా. డబ్బా ఆగిపోతే నేను గుడ్డివాణ్ణే. దాచుకోవడమెందుకు.

నరాలవీధి · 9:00

అన్నా, మీ నాయన రాత్రి లెక్కకి సరిగ్గా ఇదే పని చేసే జీవి ఉంది, ఎడారి చీమ. ట్యునీషియా ఉప్పు నేలల్లో తిండి కోసం వంకరటింకరగా వెతుక్కుంటూ పోయి, దొరకగానే తిన్నగా గూటికి తిరిగొస్తుంది. దూరం ఎలా తెలుస్తుందో చూడాలని 2006లో ఒక పని చేశారు. గూటి నుంచి 10 మీటర్ల దూరంలో తిండి పెట్టి, అక్కడికి వచ్చిన చీమల్లో కొన్నిటికి పంది వెంట్రుకలతో కొయ్యకాళ్ళు అతికించారు. కొన్నిటికి కాళ్ళు పొట్టి చేశారు. కొయ్యకాళ్ళ చీమలు గూడు దాటి 15 మీటర్ల దాకా పోయి వెతుక్కున్నాయి. పొట్టికాళ్ళవి 6 మీటర్ల లోపే ఆగిపోయి "గూడేది?" అని తిరిగాయి. అడుగులు లెక్కపెడుతున్నాయన్నమాట.

ఇక డబ్బా సంగతి. 2020లో కెనడాలో ఒక అధ్యయనం వచ్చింది. జీపీఎస్ ఎక్కువ వాడినవాళ్ళకి, అది లేకుండా దారి గుర్తుపెట్టుకునే శక్తి తక్కువగా ఉంది. మూడేళ్ళ తర్వాత మళ్ళీ చూసిన కొద్దిమందిలో, ఎక్కువ వాడినవాళ్ళకి ఆ శక్తి ఇంకాస్త ఎక్కువగా తగ్గింది. చిన్న సంఖ్య కాబట్టి దీన్ని పట్టుకుని డబ్బా సముద్రంలో పారేయొద్దు. ప్రాణం ముఖ్యం.

డిపో_మామ · 9:45

నేను 31 ఏండ్లు ఆర్టీసీలో స్టీరింగు పట్టినా. మొదట్లో నెల్లూరు–ఆత్మకూరు, ఆఖర్న హైదరాబాదు నైట్ సర్వీసు. బుచ్చి, సంగం, ఆత్మకూరు రోడ్డులో ఏ గుంత యాడుందో నా పిరుదులకి తెలుసు. అమ్మాయ్, మా డ్రైవర్ల మెదడు గురించి మీ సైన్సులో ఏమన్నా ఉందా?

నరాలవీధి · 10:02

ఉంది మామా, కోప్పడకండి మరి.

లండన్లో టాక్సీ లైసెన్సు కావాలంటే ఛేరింగ్ క్రాస్ నుంచి ఆరు మైళ్ళ లోపల ఉన్న 25,000 వీధులు నోటికి రావాలి. మూడు నాలుగేళ్ళు పడుతుంది. 2000లో ఎలియనార్ మగ్వైర్ బృందం ఆ డ్రైవర్ల మెదళ్ళు స్కాన్ తీస్తే హిప్పోకాంపస్ వెనక భాగం మామూలు వాళ్ళకన్నా పెద్దగా ఉంది. పుట్టుకతోనే అట్లా ఉన్నవాళ్ళు టాక్సీ పనికొచ్చారేమో అని అనుమానం వస్తుంది కదా. 2011లో శిక్షణకి ముందూ తర్వాతా చూశారు. పరీక్ష పాసైనవాళ్ళకే పెరిగింది.

అయితే మధ్యలో 2006లో టాక్సీ డ్రైవర్లని బస్సు డ్రైవర్లతో పోల్చారు. ఇద్దరూ అదే ఊళ్ళో, అన్నే ఏళ్ళు తోలినవాళ్ళు. పెద్దగా ఉంది టాక్సీ వాళ్ళకే. బస్సు వాళ్ళది రోజూ ఒకటే రూటు కాబట్టి దారి వెతకాల్సిన పని లేదు.

పెన్నాగట్టు · 10:04

మామ హిప్పోకాంపస్ పల్లెవెలుగు, టాక్సీవాడిది సూపర్ లగ్జరీ.

డిపో_మామ · 10:20

నవ్వండబ్బా నవ్వండి. కొత్తగా వచ్చిన టాక్సీవోడు ఫోను చూసుకుంటా బావిలో పడినా పడతాడు.

కనిగిరి_మల్లి · మంగళవారం, ఉదయం 5:30

మీరంతా సరదాగా మాట్లాడుకుంటున్నారు, చదివి చదివి రాయకుండా ఉండలేకపోయాను. మా అమ్మకి 71. నిరుడు వేసవిలో పాల పాకెట్టుకని పోయి మా వీధి మలుపులోనే నిలబడిపోయింది. నలభై ఏళ్ళుగా ఉన్న వీధి. ఎవరో తీసుకొచ్చి దిగబెడితే "ఇల్లు జరిగిందే" అన్నది. అప్పటికి పేర్లన్నీ గుర్తే, బాకీ లెక్కలు పైసలతో చెప్పేది. చూపించిన డాక్టరు వయసు అన్నాడు. మేం కూడా అదే అనుకున్నాం. ఆరు నెలల తర్వాత ఇంకోచోట చూపిస్తే అల్జీమర్స్ మొదలైందన్నారు. పేర్లు గుర్తున్న మనిషికి ఇల్లు ఎట్టా తప్పిపోయింది?

నరాలవీధి · 7:10

మల్లి గారూ, ముగ్గు చుక్కల కణాలు ఉండేది ఎంటోరైనల్ కార్టెక్స్‌లో అని చెప్పాను కదా. అల్జీమర్స్ సాధారణంగా ముందు దెబ్బతీసేది ఆ చుట్టుపక్కలే. హిప్పోకాంపస్‌కి, మిగతా మెదడుకి అది తర్వాత పాకుతుంది. అందుకే కొందరికి పాత పేర్లు, లెక్కలు చెక్కుచెదరకముందే దారి తప్పుతుంది. "ఇల్లు జరిగింది" అని అమ్మగారు అన్నది అబద్ధం కాదు, ఆవిడ లోపలి లెక్కలో నిజంగానే జరిగింది. వాదించి లాభం లేదు. గుమ్మం ముందు వస్తువులు మార్చకండి. కొంగుకో మెడలోనో ఫోన్ నంబర్ ఉన్న బిళ్ళ ఉంచండి. మందుల సంగతి మీ డాక్టరే చెప్పాలి.

కనిగిరి_మల్లి · 7:25

గుమ్మం ముందున్న పాత రోలు పోయిన నెలే తీయించేశాం, అడ్డమని. మళ్ళీ తెచ్చి పెట్టిస్తా.

కంభంచెరువు · 4:50

మల్లి గారి రోలు చదివాక మా నాయనమ్మ మాట గుర్తొచ్చింది. ఆవిడకి కుడి ఎడమ అనే మాటలే లేవు. "తమలపాకులు దక్షిణం గూట్లో ఉన్నాయి, తూర్పుకి జరిగి కూర్చో, పడమటి కంటిలో నలుసు పడింది" ఇదీ వరస! కంటికి కూడా దిక్కే. కానీ పొలంలో తాతయ్య అరక కట్టేటప్పుడు ఎలపట ఎద్దు, దాపట ఎద్దు అనేవాడు. అక్కడ దిక్కులు పనికిరావు. సాలు చివర మళ్ళితే దిక్కు మారుతుంది, ఎలపట ఎద్దు మాత్రం ఎప్పుడూ కుడిపక్కే. ఒకే ఇంట్లో రెండు లెక్కలు.

నరాలవీధి · 5:15

మాస్టారూ, ఆ రెండు లెక్కలూ మెదడులో కూడా వేరువేరు. ఒంటిని బట్టి కొలిచేది ఒకటి, లోకాన్ని బట్టి కొలిచేది ఒకటి. ఆస్ట్రేలియాలో గూగు యిమిథిర్ అనే భాష ఉంది. వాళ్ళు మీ నాయనమ్మలాగే అన్నిటికీ దిక్కులే వాడతారు. అలాంటి భాషలవాళ్ళకి ఎక్కడ వదిలినా దిక్కు తెలుస్తుందని స్టీఫెన్ లెవిన్సన్ వంటి వాళ్ళు పరీక్షించి రాశారు. రోజంతా ఆ మాటలు వాడాలంటే రోజంతా లోపల లెక్క నడుస్తూనే ఉండాలి మరి.

పల్లెల్లో పెరిగినవాళ్ళు దారి బాగా పడతారన్నదానికి కూడా కొంత ఆధారం ఉంది. ఫోన్ ఆట ద్వారా 38 దేశాల్లో దాదాపు 4 లక్షల మందిని చూసి 2022లో రాశారు. చదరంగం గళ్ళలాంటి వీధులున్న నగరాల్లో పెరిగినవాళ్ళు సగటున వెనకబడ్డారు.

పెన్నాగట్టు · 5:20

ఉత్తరం వాకిలి ఉన్న ఇల్లు కొంటే మెదడుకి మంచిదా?

అడ్మిన్ · 6:00

వాస్తు మీద వచ్చిన 14 కామెంట్లు వేరే దారంలోకి మార్చాను. కొట్టుకోవాలనుకునేవాళ్ళు అక్కడ కొట్టుకోండి.

డిపో_మామ · 8:30

కావలి అబ్బయ్యా, అందరూ ఎలుకలు చీమలు అంటా ఉండారు గానీ నిన్ను అడగాల్సింది ఎవరూ అడగలా. మొట్టమొదట ఒంగోల్లో దిగింది ఎప్పుడు? ఏ బండిలో? యాడ నిద్ర పోయినావు, యాడ లేచినావు?

కావలి_కుర్రోడు · 9:10

2012 నవంబరు మొదట్లో మామా. ఉద్యోగంలో చేరడానికి హైదరాబాదు నుంచి నైట్ బస్సులో వచ్చాను. నీలం తుఫాను వానలు. అంతకుముందు ఒంగోలు మీదుగా రైల్లో పోవడమే గానీ దిగింది లేదు. మిర్యాలగూడ దాటాక నిద్రపోయాను. హైవే మీద ఉండగా మెలకువ వచ్చింది, కండక్టరు "ఒంగోలు ఒంగోలు" అని అరుస్తున్నాడు. చీకట్లో దిగి, ఎదురుగా ఉన్న కొట్లో టీ తాగి లాడ్జికి పోయాను. మూడు రోజులు ముసురు.

డిపో_మామ · 9:40

అదీ సంగతి. చూడు. నువ్వు కావలోడివి. పుట్టినకాడి నుంచి హైవే మీద ఒంగోలు వస్తా ఉందంటే నీకు లెక్క ఏంది? ఉత్తరం మొహంగా పోతా ఉండావని. నెల్లూరు, కావలి, ఒంగోలు, అంతా ఉత్తరానికే. హైదరాబాదు బండి అట్టా రాదు. నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, పిడుగురాళ్ళ, అద్దంకి, మేదరమెట్లలో హైవే ఎక్కి దక్షిణానికి తిరుగుతాది. ఆ మలుపులో నువ్వు గుర్రు పెడతా ఉండావు. లేచేసరికి అదే హైవే, అదే డివైడరు, "ఒంగోలు" అనే కేక. నీ బుర్ర ఏమనుకునింది? ఇంటికాడి నుంచి వస్తా ఉండా, మొహం ఉత్తరానికి ఉండాది అనుకునింది. నిజానికి నువ్వు దక్షిణం మొహంగా దిగినావు. సరిగ్గా సగం చుట్టు తేడా. మూడు దినాలు పొద్దు కనపడలా, చెప్పేవోడు లేడు. ఆ టీ కొట్టే నీ తెల్ల అట్ట.

నైట్ సర్వీసులో ఇట్టా దిక్కు తప్పి దిగినోళ్ళని బోలెడుమందిని చూసినా. బ్యాగు తీసుకుని ఎదురు దిక్కున నడుస్తా ఉంటారు.

నరాలవీధి · 9:55

మామా, నేను రెండు రోజులుగా రాస్తున్నాను, ఈ ప్రశ్న నాకు తోచలేదు. బస్సు డ్రైవర్ల గురించి నేనన్నది లండన్ వాళ్ళకే పరిమితం.

కావలి అన్నా, మామ చెప్పింది నా లెక్కకి సరిపోయింది. ఒకసారి ఊరి గుర్తులతో దిక్కు ముడిపడిపోయాక, ఆ తర్వాత మెలకువగా వచ్చినా ఆ గుర్తులే గెలుస్తాయి. అందుకే సింగరాయకొండ దాకా సరిగా ఉండి, ఒంగోలు కనబడగానే తిరుగుతోంది. ఒక పని చేసి చూడండి. తెల్లవారకముందే కొత్తపట్నం పోండి. అక్కడ మీకు దిక్కు సరిగానే ఉంటుంది కదా? పొద్దు పొడిచేదాకా నిలబడి, అక్కడి నుంచి పొద్దుని వీపు మీదే పెట్టుకుని ఊళ్ళోకి రండి. నిదానంగా. ఎక్కడ తిరగబడుతుందో గమనించి చెప్పండి. కుదురుతుందని మాట ఇవ్వలేను.

కావలి_కుర్రోడు · ఆదివారం, ఉదయం 11:15

పోయొచ్చాను. మా ఆవిడ కూడా వచ్చింది, నమ్మక కాదు, చూడ్డానికి.

సముద్రం ఒడ్డున ఏ తేడా లేదు. పొద్దు నీళ్ళలోంచి వచ్చింది, అది తూర్పే, నా లోపల కూడా తూర్పే. స్కూటరు మీద వెనక్కి బయల్దేరాం. వీపు మీద ఎండ, నా నీడ బండికి ముందు పడి పరిగెత్తుతోంది. ఆ నీడ చూసుకుంటూ "పడమర, పడమర" అనుకుంటూ తోలాను. ఊరు మొదలైంది. కొత్తపట్నం బస్టాండ్ దగ్గర కూడా సరిగానే ఉంది! పన్నెండేళ్ళలో మొదటిసారి ఒంగోలు వీధి నాకు నిజం దిక్కులో కనిపించింది. చిత్రంగా ఉంది, తెలిసిన కొట్లే, అద్దంలో చూస్తున్నట్టు. మా ఆవిడకి చెప్తే "ఊ" అంది.

ఇంకాస్త పోయి ఆ టీ కొట్టు ఉన్న సెంటర్లోకి తిరిగాను. కొట్టు బోర్డు కంటబడ్డం, ఊరు తిరగడం ఒక్కసారే జరిగింది. చప్పుడు లేదు, కళ్ళు తిరగడం లేదు. నీడ ఇంకా ముందే పడుతోంది, కానీ అది ఇప్పుడు "తూర్పుకి" పడుతోంది. వెనక్కి పోయి మళ్ళీ వచ్చాను. మళ్ళీ అక్కడే. మూడోసారి కూడా అక్కడే. బోర్డు కనబడనంతసేపు ఒక ఒంగోలు, కనబడితే ఇంకో ఒంగోలు. నాలుగోసారి అనేసరికి మా ఆవిడ దిగిపోయి ఆటో ఎక్కింది.

డిపో_మామ · 11:40

ఆ కొట్టు మొహం చూడబాక అబ్బయ్యా. దాని వెనక సందులో నుంచి పో, కొన్నాళ్ళు.

కావలి_కుర్రోడు · 11:52

ఆ సందు వన్‌వే మామా.